కుట్టుపని: బట్టకు తగిన దారము

బట్ట కొనునపుడు మనము నేత చూతుము, రంగు చూతుము, బేరమాడుదుము. దారము మాత్రము చేతికందినది తీసికొందుము. ఈ యశ్రద్ధవలన గలుగు నష్టము చిన్నది కాదు.

మా పొరుగున నొక సోదరి తన తల్లిగారి పాత పట్టుచీరను కుమార్తెకు పరికిణీగా కుట్టినది. గట్టిగా నుండవలెనని పాలియెస్టరు దారమును వాడినది. పండుగనాడు పిల్ల యాటలో పరికిణీ త్రొక్కుకొనగా కుట్టు చెక్కుచెదరలేదు. పట్టు మాత్రము కుట్టువెంబడి జానెడు చినిగినది. కుట్టు విడినచో మరల కుట్టుకొనవచ్చును; చినిగిన నేతను మరల నేయించలేము. కావున దారము బట్టకంటె నించుక బలహీనముగ నుండుట మేలని మొదట గ్రహింపవలెను.

నూలుబట్టకు నూలుదారము, పాతపట్టుకు సన్నని పట్టుదారము గాని నూలుదారము గాని తగును. పాలియెస్టరు, నైలాను బట్టలకు పాలియెస్టరు దారమే మేలు. సంచులకు, దిండుగలీబులకు సైత మది మన్నును. అయితే మిక్కిలి వేడియగు ఇస్త్రీపెట్టె తగిలిన కరగును.

మెరుపుగల నూలుదారమును మెర్సరైజ్డు దారమందురు. నూలును కాస్టిక్ సోడాలో నుంచినచో దానికి బలమును, రంగుపట్టు గుణమును హెచ్చునని 1844లో జాన్ మెర్సరను నాంగ్లేయుడు కనిపెట్టెను. లాగిపట్టి యీ పని చేసిన మెరుపు గూడ వచ్చునని 1890లో హోరేస్ లో యనునాతడు చూపెను.

నూలుదారపు రీలుపై నంకె పెరిగినకొలది దారము సన్నమగును. 40 కంటె 60 సన్నము. టెక్స్ అని వ్రాసియున్నచో మాత్ర మంకె పెరిగినకొలది లావగును. మిషనుసూదియు దారమునకు తగియుండవలెను: పలుచని బట్టకు 11, సామాన్యపు బట్టకు 14, దళసరి బట్టకు 16వ నంబరు.

కొనునపుడు మూడు పరీక్షలు చేయుడు. రీలును చూచి రంగు నిర్ణయింపక, యొక పోగు విప్పి బట్టపై పరచి చూడుడు. సరిపోలునది దొరకనిచో నొక వన్నె ముదురుదానిని గైకొనుడు. మూరెడు దారమును రెండు చేతుల లాగుడు. పుటుక్కున తెగినచో నది చివికినదని తెలిసికొనుడు. ఇంటికి వచ్చినపిమ్మట దారపుముక్కను తడిపి తెల్లగుడ్డలో నొక్కుడు. రంగు దిగినచో లేతబట్టకు వాడకుడు.

చేతికుట్టునకు మూరెడుకంటె పొడవైన దారము సూదికెక్కింపరాదు. పొడవైనది చిక్కుపడును, పలుమారు బట్టలో దూరుటచే నరిగిపోవును. దారమునకు కొంచెము తేనెమైనము రాచినచో ముడిపడదు.

మా పొరుగు సోదరి చినిగినచోట లోపల పలుచని మల్లుగుడ్డ నతికి, సన్నని పట్టుదారముతో నెమ్మదిగా కుట్టినది. అతుకు కనబడకపోలేదు, అయినను పిల్ల మరల నమ్మమ్మ చీర కట్టుకొని తిరుగుచున్నది. రీలు వెల స్వల్పమే. దానినాశ్రయించి నిలుచు వస్తువు వెల మన మొక్కరమే యెరుగుదుము.