బతికున్నంత మాత్రాన మంచి చేప కాదు

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. రక్తం తక్కువగా ఉందని ఆస్పత్రిలో చెప్పారు. అంగడిలో మీసాల చేప ఒకటి చవకగా దొరుకుతోంది. నీళ్లు లేకపోయినా గంటలకొద్దీ బతికే ఉంటుంది. "ఇది మార్పు చేప, తింటే రక్తం పడుతుంది" అని అమ్మే ఆమె చెబితే రెండుసార్లు వండి పెట్టాను. ఆ చేప తింటే కాన్సర్ వస్తుందని ఇప్పుడు పక్కింటివాళ్లు అంటున్నారు. కోసేటప్పుడు నా వేలికి ముల్లు కూడా గుచ్చుకుంది. భయంతో నిద్ర పట్టడం లేదు. బిడ్డకేమైనా అవుతుందా?
– ఒక అత్తగారు, పెద్దమందడి

జవాబు: అమ్మా, ముందు భయం వదలండి. రెండుసార్లు తిన్నంత మాత్రాన కోడలికి గాని, కడుపులో బిడ్డకు గాని హాని జరుగుతుందని అనుకోనక్కరలేదు. ఇకమీదట మాత్రం ఆ చేప కొనకండి. ఎందుకో చెబుతాను.

మన దేశవాళీ మార్పు చిన్న చేప. అరకిలో దాటడం అరుదు. కిలో, రెండు కిలోలు తూగుతూ, ఒంటి మీద చలవరాతి మచ్చలుంటే అది చాలావరకు ఆఫ్రికా క్యాట్‌ఫిష్. నైలు నది మొదలు దక్షిణాఫ్రికా వరకు దాని పుట్టిల్లు. మొప్పల పైన చెట్టుకొమ్మల్లాంటి అవయవం ఒకటుంటుంది. దానితో గాలి పీలుస్తుంది. చెరువు ఎండితే బురదలో బతుకుతుంది. తడి నేల మీద పాకి మరో గుంటకు పోతుంది. కప్పలు, పురుగులు, చిన్న చేపలు, కుళ్లిన మాంసం, ఏదైనా తింటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బతికున్న చేప తాజాది, తాజాది కనుక మంచిది అని మనం నమ్ముతాం. రవ్వ, బొచ్చె బతకలేని మురికినీటిలో కూడా ఇది బతుకుతుంది. కనుక బుట్టలో కదులుతున్నంత మాత్రాన అది మంచి నీటిలో పెరిగిందని చెప్పలేం. దొంగచాటుగా పెంచేవారు కోళ్ల వ్యర్థాలు, కబేళా వ్యర్థాలు మేపిన సంగతి చాలాసార్లు బయటపడింది. మురికినీటిలోని సీసం, పాదరసం వంటివి చేప ఒంట్లో చేరతాయి. ఎంత వేయించినా, ఎంత ఉడికించినా అవి పోవు. ఎక్కువకాలం తింటే పాదరసం గర్భంలోని బిడ్డ మెదడుకు చెరుపు చేస్తుంది.

అంతేగాని ఆ చేప పుట్టుకతోనే విషం కాదు. ఆఫ్రికాలో ఎంతోమందికి అది నిత్యాహారం. "కాన్సర్ చేప" అన్న మాట సరికాదు. తప్పంతా పెంపకంలో ఉంది. మన చెరువుల్లోకి, నదుల్లోకి తప్పించుకుపోతే స్వదేశీ చేపలను తినేస్తుంది కూడా. అందుకే దాని పెంపకాన్ని, అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కూడా ఈ పెంపకాన్ని అరికట్టమని ఆదేశించింది.

ఇక రక్తం సంగతి. ఏ చేప అయినా కొంత మేలు చేస్తుంది గాని, ఐరన్ మాత్రకు సాటి రాదు. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు మాత్రలు వేసుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇస్తారు. మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగనీయకండి. నిమ్మకాయో, జామపండో తోడైతే ఐరన్ బాగా ఒంటబడుతుంది. మలం నల్లగా వచ్చిందని మాత్రలు మానిపించకండి, అది సహజమే. ఆకుకూరలు, పప్పు, గుడ్డు, తైదలు రోజూ ఏదో ఒక రూపంలో పెట్టండి. చేప తినాలనిపిస్తే మీ చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రవ్వ గాని, బొచ్చె గాని వారానికి రెండుసార్లు బాగా ఉడికించి పెట్టండి. మొప్పలు ఎర్రగా ఉండి, వేలితో నొక్కితే గుంట పడనిదే కొనండి.

మీ వేలి సంగతి మరిచిపోకండి. ఈ చేప రెక్క ముల్లు గుచ్చుకుంటే బాగా మంట పుడుతుంది. గుచ్చుకున్న వెంటనే సబ్బుతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో అరగంట ఉంచితే నొప్పి తగ్గుతుంది. మీకు ఇప్పటికి రెండు రోజులు దాటే ఉంటాయి. వాపు, ఎరుపు పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. ముల్లు లోపల విరిగిందేమో ఆస్పత్రిలో చూపించుకోండి. ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ ఈమధ్య తీసుకోకపోతే అదీ అడిగి వేయించుకోండి.

కోడలి మీద మీకున్న శ్రద్ధ మెచ్చుకోదగినది. ఆ శ్రద్ధ కొంచెం మాత్రల వైపు తిప్పండి. వచ్చే నెల పరీక్షకు మీరే వెంటబెట్టుకుని వెళ్లి, రక్తం ఎంత పెరిగిందో కనుక్కోండి.