అర్హత లెక్క ఊళ్లోనే తేలాలె!

రోగం చెప్పి రాదు. సర్కారు లెక్క మాత్రం ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ లెక్కలో మనం ఉన్నామో లేమో దవాఖాన మెట్లెక్కే దాకా చాలామందికి తెలియదు. కాటారం నుంచి భూపాలపల్లి, పరకాల దాటి వరంగల్ చేరినంక 'కార్డులో ఈ పేరు లేదు' అనిపించుకున్న ఇంటికి మిగిలేది వడ్డీ అప్పే.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. 2008లో అన్ని జిల్లాలకు వచ్చింది. అప్పుడు కాటారం కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2014లో రాష్ట్రం వచ్చింది. 2016లో కాటారం భూపాలపల్లి జిల్లాలో కలిసింది. ఒకప్పుడు ఏడాదికి 2 లక్షలున్న చికిత్స పరిమితి 2023 డిసెంబర్ 9న 10 లక్షలైంది. ఇన్ని మారాయి. పేదోడు ఎవడో తేల్చే గీత మాత్రం ఒకటి ఉంది!

ఆ గీత ఏమిటి? ఆరోగ్యశ్రీకి మొదటి నుంచీ ఆధారం రేషన్ కార్డు. తెలంగాణలో ఆ కార్డుకు కుటుంబ వార్షికాదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు దాటొద్దు. భూమి అయితే మాగాణి మూడున్నర ఎకరాలు, చెలక ఏడున్నర ఎకరాలు హద్దు. దరఖాస్తు పెట్టకముందే ఈ లెక్క ఇంట్లో కూర్చొని వేసుకోవచ్చు. లక్షన్నరను పన్నెండుతో భాగించండి. నెలకు 12,500. ఇంటిల్లిపాది సంపాదన కలిపి అంతే!

ఇప్పుడు ఒక ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని చూడండి. 2021 వేతన సవరణలో ఆ ఉద్యోగులకు సర్కారు ఖరారు చేసిన కనీస జీతం నెలకు 15,600. ఏడాదికి 1,87,200. ఆ జీతంతో కాటారంలో ఉంటే గీత దాటినట్టు. అదే జీతంతో భూపాలపల్లి మున్సిపాలిటీలో ఉంటే గీత లోపలే! గుండెకు పడే స్టెంటు పల్లెకు ఒక ధర, పట్నానికి ఒక ధర ఉంటదా? పెద్దాసుపత్రికి దూరంగా ఉన్నోడికే చార్జీల ఖర్చు ఎక్కువ. వాడికే గీత కిందికి గీసిన తెలివి ఎవరిది?

గీత దాటిన వాళ్లు కూడా అక్కడే ఆగిపోవద్దు. వేరే తలుపులున్నాయి. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతున్న కార్మికుడికి ఈఎస్ఐ వైద్యం హక్కు. 70 ఏళ్లు నిండిన వాళ్లకు 2024 అక్టోబర్‌లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆదాయంతో పనిలేదు. రెగ్యులర్ ఉద్యోగులకు, పింఛనుదారులకు వేరే ఆరోగ్య పథకం ఉంది. ఎవరు ఏ తలుపు తట్టాలో ముందే తెలిస్తే మీసేవ చుట్టూ తిరిగి కైకిలి పోగొట్టుకునే బాధ తప్పుతుంది. దళారి జేబు నిండదు.

కార్డున్న వాళ్లు కూడా నిశ్చింతగా ఉండొద్దు. కొత్తగా వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు కార్డులో ఎక్కిందా? ఆధార్‌లో ఒక అక్షరం, కార్డులో ఇంకో అక్షరం ఉందా? ఈ పని జ్వరం రాకముందే చేసుకోవాలి. అనుమానముంటే 104కు ఫోన్ చేసి అడగాలి.

సర్కారును మేం అడిగేది సూటిగా మూడు మాటలు. అర్హత లెక్కను ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం కాగితం మీద ఇవ్వాలి. పల్లెకు, పట్నానికి ఒకే గీత పెట్టి, దాన్ని కనీస జీతానికి పైన గీయాలి. రేషన్ కార్డును, ఆరోగ్యశ్రీని విడదీస్తామన్న మాట 2024లోనే సర్కారు పెద్దల నోటి నుంచి వచ్చింది. ఆ విడదీసిన గీత ఎక్కడుంటుందో ప్రజలకు ముందే చెప్పాలి.

విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక మాట. సెలవు రోజున మీ వాడకట్టులో పది ఇండ్లు తిరగండి. కార్డు చూడండి, పేర్లు చూడండి, లెక్క వేసి చెప్పండి. ఎన్ని ఇండ్లు గీతకు వెయ్యి రూపాయల దూరంలో ఆగిపోయాయో రాసిపెట్టండి. ఆ జాబితాలతో తహసీల్దారు ముందుకు పోదాం. హక్కు అడగాలంటే ముందు లెక్క మన చేతిలో ఉండాలె!