రైల్లో పోయిన గంటలు ఎవరి లెక్కలోకి వస్తాయి?

"మా యౌవనస్థులు కూటాలకు రావడం లేదు" అని సంఘ పెద్దలు అనడం మనం ఏ ఊళ్లోనైనా వింటున్నదే. భక్తి తగ్గిందంటారు, సెల్‌ఫోన్లు వచ్చాక ఇంతేనంటారు. కొంత నిజం ఉండవచ్చు. కాని ఆ మాట అనేముందు ఒక్క తెల్లవారుజామున కోలారు బంగారు గనుల స్టేషన్లలో నిలబడి చూడమని మా మనవి.

2001 ఫిబ్రవరి 28న అక్కడ గనులు మూతపడ్డాయి. తరతరాలుగా స్థిరపడిన తెలుగు, తమిళ కుటుంబాలకు ఇళ్లు మిగిలాయి గాని పని మిగలలేదు. పని బెంగళూరులో ఉంది; అక్కడి అద్దెలు కట్టే స్తోమత లేదు. అందుకే మారికుప్పంలోనో, ఉరిగాంలోనో, కోరమాండల్‌లోనో రైలెక్కి, బంగారుపేట మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు పోయి, రాత్రికి తిరిగొస్తారు. తాతలు షిఫ్టు దిగి నడిచి ఇంటికి చేరేవారు. (గని పని సుఖమని మేము అనడం లేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయినవారు అక్కడ ఎందరో.)

రానూ పోనూ రైల్లోనే 4 గంటలు అనుకుందాం. నెలకు 26 రోజులకు 104 గంటలు. అంటే 8 గంటల షిఫ్టులు 13. వీటికి జీతం లేదు, ఓవర్‌టైము లేదు, ఏ హాజరు పట్టీలోనూ ఇవి కనబడవు. స్టేషన్ నుంచి పనిచోటికి బస్సు, నడక మరో గంటన్నర. భోజన విరామంతో కలిపి డ్యూటీ 9 గంటలు. రోజులో మిగిలేది తొమ్మిదిన్నర గంటలే.

ఆ మిగిలినదైనా అందరికీ ఒకటి కాదు. కేంద్ర ప్రభుత్వ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. ఈ సగటులో ఉద్యోగం లేని స్త్రీలూ ఉన్నారు, నిజమే. రైలెక్కే మన ఆడపిల్ల అందులో సగమే చేసినా, నిద్రకూ స్నానానికీ తిండికీ ప్రార్థనకూ కలిపి ఆమెకు 7 గంటలు. తీరిక అన్న మాటే అక్కడ రాదు.

ఇలాంటి వేళ, 2023లో కర్ణాటక ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, వారానికి 48 గంటలు దాటకుండా రోజు పనిని 12 గంటల వరకు పొడిగించే వీలు కల్పించింది. కార్మికుని లిఖితపూర్వక అంగీకారం ఉండాలట. కాంట్రాక్టు కూలి 'ఒప్పుకోను' అని రాసిచ్చి మర్నాడు పనికి పోగలడా? 12 గంటలకు ప్రయాణం కలిపితే ఇంటి గడప దాటి మళ్లీ గడప తొక్కేసరికి పదిహేడున్నర గంటలు. అదే ఏడాది తమిళనాడు ఇలాంటి బిల్లునే ఆమోదించి, కార్మిక సంఘాలు ఎదురు తిరిగాక వెనక్కి తీసుకుంది. కాబట్టి ఇది మారని రాత కాదు.

మన సంఘాల సంగతీ చూద్దాం. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలోని విశ్రాంతిదినపు ఆజ్ఞ దాసుడినీ దాసినీ యజమానితో సమానంగా లెక్కించింది. మనమేమో ఆరు రోజులు రైల్లో నలిగినవారికి ఆదివారం ఉదయం ఆరాధన, మధ్యాహ్నం కమిటీ, సాయంత్రం కూటం పెడుతున్నాం. ప్రేమవిందుకు వంట మళ్లీ ఆడవాళ్లదే.

ఈ నెల ప్రతి యౌవన సంఘమూ తన సభ్యులు ఇల్లు వదిలే వేళ, ఇల్లు చేరే వేళ ఒక కాగితం మీద రాయండి. అది కూటంలో చదివి, ఆ తర్వాతే వచ్చే నెల కార్యక్రమాలు వేసుకోండి. వంట ఈసారి కుర్రాళ్లు చేయండి.