డబ్బీలో ఒరిగిన రాణి తల

పల్నాటి పల్లెల్లో పాతకాలపు భోషాణాలున్న కొన్ని ఇళ్లలో విక్టోరియా రాణి తల రూపాయిలు, జార్జి రాజు తల రూపాయిలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. మొలతాడుకో, కడియాలకో కరిగించకుండా పెద్దవాళ్లు మూటకట్టి దాచినవి అవి. వాటి బరువు సరిగ్గా తులం. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. 1940లో వెండిని సగానికి తగ్గించారు. 1947 నాటికి వెండి పోయి నికెలు రూపాయి వచ్చింది. ఈ లెక్క తెలిసిన రైతు పాత రూపాయి విషయంలో సగం మోసపోడు. మిగిలిన సగం మోసం ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బీ రూపంలో వస్తున్నది.

ఈ డబ్బీల పద్ధతి అమెరికాలో పుట్టింది. అక్కడ 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అనే సంస్థలు బయలుదేరాయి. నాణేన్ని పరీక్షించి, అసలుదో కాదో తేల్చి, అరుగుదలను బట్టి 70కి ఇన్ని మార్కులని వేసి, చీటీతో సహా గాజులాంటి ప్లాస్టిక్ పలకల మధ్య పెట్టి మూసివేస్తాయి. ఆ రెండు పలకలనూ శబ్ద తరంగాలతో అతికిస్తారు కనుక ఎవరైనా విప్పితే ఆనవాలు మిగులుతుంది. లోపల నాణెం కదలకుండా చుట్టూ మెత్తని వలయం ఉంటుంది. మంచి ఏర్పాటే. నకిలీ రూపాయిలు సంతల్లో తిరిగే రోజుల్లో ఇటువంటి రక్షణ అక్కరలేదని ఎవరూ అనలేరు.

కాగా ఆ వలయం వెంట్రుకవాసి వదులైతే చాలు, దారి కుదుపులకు లోపలి నాణెం మెల్లగా తిరుగుతుంది. మాచర్ల నుంచి నరసరావుపేటకు బస్సులో తెచ్చేసరికి రాణిగారి తల పక్కకు వాలిపోయి, పైనున్న చీటీ ఒక దిక్కు, ఆమె ముఖం మరొక దిక్కు చూస్తుంటాయి. చూసినవాడికి ఏదో లోపమనిపిస్తుంది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ ఒరిగితే భయపడవలసిందే గాని, డబ్బీలో రాణి తల ఒరిగితే భయం దేనికి? నాణేనికి గీత పడలేదు, బరువు తగ్గలేదు, వేసిన మార్కులు మారలేదు.

ఈ వంకరను చూపి కొనేవాడు ధర తగ్గించమంటాడు. అది చిన్న పేచీ. అంతకంటె పెద్దది అమ్మేవాడి మాట. ఇది టంకశాలలో అచ్చులు తప్పి పడిన అరుదైన రూపాయి అనీ, వేలకు వేలు పలుకుతుందనీ నమ్మబలుకుతాడు. అచ్చులు తప్పిన నాణేలు నిజంగానే ఉన్నాయి, వాటిని కోరి కొనేవారూ ఉన్నారు. అందుకే ఈ అబద్ధం చెల్లుతున్నది. దీన్ని తేల్చడానికి పట్నం పోనక్కరలేదు. అదే రకం మరో రూపాయిని తీసుకుని, తల నిట్టనిలువుగా ఉంచి, పుస్తకంలో పుట తిప్పినట్టు తిప్పి, వెనుక అక్షరాలు ఎటు నిలిచాయో చూడాలి. తరువాత డబ్బీని కూడా, అది ఎంత వంకరగా కనిపించినా సరే, తల నిలువుగా వచ్చేటట్టు పట్టుకుని అలాగే తిప్పాలి. రెండింటిలోనూ అక్షరాలు ఒకే తీరున నిలిస్తే టంకశాల తప్పు ఏమీ లేదు. నాణెం డబ్బీలో తిరిగింది, అంతే. తీరు మారితేనే రెండో మాట ఆలోచించవచ్చు.

ఇక సరిచేయడం. కొందరు ఆత్రంకొద్దీ కొడవలి మొనతో డబ్బీ అంచు విప్పుతున్నారు. విప్పిన మరుక్షణం ఆ మార్కులకు విలువ ఉండదు. పైగా మొన జారితే నూరేళ్ల వెండి ముఖం మీద గీత మిగులుతుంది. బయటకు తీశాం గదా అని చింతపండు, బూడిద పెట్టి తోమితే ఇక చెప్పనే అక్కరలేదు. పళ్లెం తోమినట్టు తోమిన రూపాయిని సేకరణదారు వెండి ధరకు తప్ప అడగడు. డబ్బీ అంచును అరచేతిలో మెల్లగా తట్టితే కొన్నిసార్లు నాణెం తిరిగి దారికి వస్తుంది. రాకపోతే వదిలివేయడమే మేలు. నాణెం తిరగడం గాక, వలయంలోంచి జారి ప్లాస్టిక్‌కు రాసుకుంటున్నప్పుడు మాత్రం ఉపేక్షించరాదు. అప్పుడు తట్టడం కూడా కీడే.

డబ్బీ వేసిన సంస్థలు రుసుము తీసుకుని కొత్త డబ్బీలోకి మారుస్తాయి. అయితే ఇక్కడొక చిక్కు ఉంది, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువే. ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థలు తప్ప మరొకరు దాన్ని దేశం దాటించకూడదు. విక్టోరియా రూపాయిలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. తల నిలువు చేయించుకోవడానికి తపాలాలో అమెరికా పంపితే చట్టం మీరినట్టే. దేశంలోపలే ఆ పని జరిగే వీలుంటే చూసుకోవాలి. అదైనా మామూలు ఏడాదికి చెందిన, అరిగిన రూపాయికి ఆ ఖర్చు దండగ.

సెల్‌ఫోనులో బొమ్మ చూపి, మీ నాణేన్ని లక్షలకు కొంటాం, ముందు రుసుము కట్టండి అనేవాళ్లు రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటున్నారు. పాత నాణేల కొనుగోలు అమ్మకాలతో తనకు సంబంధం లేదనీ, రుసుములు వసూలు చేయడానికి ఎవరికీ అధికారమివ్వలేదనీ ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఫోనులో బేరమాడే మనిషి డబ్బీ మీది చీటీ సంఖ్య ఒక్కటే చెప్పి సరిపెడితే, నాణెం రెండు వైపులా, అంచుతో సహా, పగటి వెలుతురులో చూపమని అడగాలి. చూపనివాడికి పైసా కట్టనక్కరలేదు.