ప్రతిమకు పెట్టిన దండం ఎవరికి చేరుతుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల నడుమ గంగవరం చుట్టుపక్కల పల్లెలకు క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరులో కతోలిక సంఘాన్ని నెలకొల్పే ప్రయత్నం చేశారు. ఆ తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి, అమెరికాలోని రిఫార్మ్డ్ సంఘం తరఫున స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషన్ ఈ సీమకు విస్తరించగా, 1863లో జేకబ్ చేంబర్లేన్ మదనపల్లెను తన కేంద్రం చేసుకున్నాడు. ఒకే గ్రంథాన్ని దైవవాక్కుగా చేతబట్టుకుని వచ్చినా, మొదటివారు మరియమాత ప్రతిమ ముందు కొవ్వొత్తి వెలిగించడం నేర్పారు, రెండోవారు అదే పనిని పాపమన్నారు.

ఈ విభేదం పది ఆజ్ఞల లెక్క దగ్గరే మొదలవుతుంది. నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఏ రూపాన్నీ చెక్కుకోరాదనీ, దానికి సాగిలపడరాదనీ ఉన్న మాటను రిఫార్మ్డ్ సంఘాలు విడిగా రెండో ఆజ్ఞగా లెక్కిస్తాయి. కతోలికులు తొలినాటి సంఘాచార్యుడు అగస్టీన్ వరసను అనుసరించి దాన్ని మొదటి ఆజ్ఞలో కలిపేసి, పది సంఖ్య తగ్గకుండా చివరి ఆజ్ఞను రెండుగా విడదీస్తారు. లూథర్ కూడా ఈ పాత లెక్కనే ఉంచుకున్నాడు కనుక, 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చిన గుంటూరు మొదలుకొని ఆంధ్ర లూథరన్ సంఘాల్లో పిల్లలు వల్లించే ఆజ్ఞల పట్టికలో ప్రతిమ ప్రస్తావన విడిగా కనిపించదు. సృష్టికర్త స్వయంగా రాతిపలకల మీద రాసి ఇచ్చాడని చెప్పే శాసనంలో ఏది ఎన్నో ఆజ్ఞో కూడా ఆయా సంఘాల అవసరాన్ని బట్టి నిర్ణయమవుతున్నదంటే, ఆ శాసనానికి ఆపాదించే దైవత్వాన్ని పరీక్షించి తీరాలి.

గ్రంథం లోపలి సంగతి ఇంకా విచిత్రం. చెక్కిన రూపాన్ని నిషేధించిన ఐదు అధ్యాయాలకే, ఆజ్ఞల పలకలుంచే పెట్టె అయిన మందసం మూతపై బంగారు కెరూబులను, అంటే రెక్కలున్న దేవదూతల రూపాలను, చేయించమనే ఆదేశం వస్తుంది. సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో పాము కాటుకు గురైనవారు చూసి బతకడానికి మోషే ఇత్తడి సర్పాన్ని చేయించి స్తంభానికి ఎత్తిస్తాడు. రాజుల రెండో గ్రంథం 18వ అధ్యాయానికి వచ్చేసరికి జనం అదే సర్పానికి ధూపం వేస్తున్నారని హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయిస్తాడు. ఈ కథను కథగానే తీసుకున్నా అందులో ఒక నిజం ఉంది: స్వస్థతకు సాధనమని దేవుడే చేయించిన వస్తువు, లోహం మారకుండా, ఆకారం మారకుండా విగ్రహమైపోయింది. విగ్రహత్వం వస్తువులో లేదు, దాని ముందు నిలబడినవాడి ఆశలో ఉంది. పాము కాటు నుంచి బతికిస్తుందన్న ఆశే దానికి ధూపాన్నీ తెచ్చిపెట్టింది గనుక, ఆ రాజు పగలగొట్టవలసింది ఆ ఆశను. దాని జోలికి మాత్రం ఆయన వెళ్లలేదు.

ప్రతిమలు చదువురాని వారికి పుస్తకాల వంటివని 600 ప్రాంతంలో పోపు గ్రెగరీ వాటిని సమర్థించాడు. 754లో బైజాంటియం సామ్రాజ్యంలో సమావేశమైన బిషప్పులు వాటిని ఖండిస్తే, 787లో నైసియా రెండో సభ మళ్లీ అనుమతించింది. ప్రతిమకు చేసే వందనం దాని మూలరూపానికి, అంటే ప్రతిమ ఎవరిని సూచిస్తుందో వారికి, చేరుతుందనీ, దేవునికి మాత్రమే తగిన ఆరాధన వేరు, గౌరవపూర్వకమైన వందనం వేరు అనీ ఆ సభ చెప్పింది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఇంకో అడుగు వేసి, క్రీస్తు ప్రతిమకు క్రీస్తుకు చెల్లించే ఆరాధననే చెల్లించాలని వాదించడంతో, 787 నాటి గీత ఆయన చేతిలోనే చెరిగిపోయింది. 1563లో ట్రెంట్ సభ ప్రతిమల్లో దైవత్వం గాని శక్తి గాని లేదంటూనే వాటిని ఉంచాలని తీర్మానించింది. అదే ఏడాది జర్మనీలో వెలువడిన హైడెల్బర్గ్ ప్రశ్నోత్తరి, చదువురానివారికి పుస్తకాలుగా కూడా ప్రతిమలను ఆలయంలో సహించరాదన్నది. మదనపల్లెకు వచ్చిన రిఫార్మ్డ్ మిషనరీల మాతృసంఘానికి ఈ ప్రశ్నోత్తరి ఒక ప్రమాణం.

మూలరూపానికి చేరుతుందన్న సమాధానం క్రైస్తవుల సొంత ఆస్తి కాదు. రాయికి కాదు, రాయిలో ఆవాహన చేసిన దేవతకు మొక్కుతున్నామని పుంగనూరు సుగుటూరు గంగమ్మ భక్తుడూ చెప్పగలడు. ప్రాణప్రతిష్ఠ జరిగిన విగ్రహంలో దేవత సన్నిధి ఉంటుందని ఆగమం అంటుంది, ట్రెంట్ సభ అలా అనలేదు. ఈ తేడాను దాచకూడదు. అయితే ఆ తేడా కాగితం మీదే మిగిలింది. విజయవాడ గుణదల కొండపై 1924లో ఫాదర్ అర్లాటి చొరవతో నెలకొన్న మరియమాత ప్రతిమ దగ్గరికి ఏటా ఫిబ్రవరిలో లక్షల మంది వెళ్తారు, తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ప్రతిమలో ఏ శక్తీ లేనట్లయితే, పరలోకంలో ఉన్న మరియమాతకు పలమనేరులోని ఇంటి గోడ మీది పటం ఎంత దూరమో గుణదల కొండ కూడా అంతే దూరం. రైలెక్కి వెళ్లి ఆ కొండే ఎక్కాలనుకునే భక్తుడు, తన సంఘం బోధనకు భిన్నంగా, శక్తి అక్కడే ఉందని నమ్ముతున్నాడు. ఆ నమ్మకాన్ని గురువులు సరిదిద్దరు, ఎందుకంటే ఉత్సవం నడిచేది దాని మీదే.

పోపు ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన టూర్నోన్ 1704లో ఇచ్చిన ఉత్తర్వు ఈ ద్వంద్వనీతిని అరచేతిలో పెట్టి చూపిస్తుంది. క్రైస్తవ స్త్రీలు పిళ్లైయార్, అంటే వినాయకుడి, రూపమున్న తాళి ధరించరాదనీ, దాని స్థానంలో సిలువనో మరియమాత బొమ్మనో వేసుకోవాలనీ అది శాసించింది. మెడా అదే, బొట్టూ అదే, భర్త క్షేమం కోరే మొక్కూ అదే. బిళ్ల మీది ముద్ర మాత్రం మారింది.

ప్రతిమలు లేని సంఘాలు ఈ విమర్శకు అతీతం కావు. గుడిలో బొమ్మ పెట్టని కుటుంబాల్లో చాలామంది ఇళ్లలో, 1940లో అమెరికన్ చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ గీసిన క్రీస్తు ముఖమో దాని నకలో క్యాలెండరుగా వేలాడుతుంది. విజయచందర్ యేసుగా నటించిన 1978 నాటి ‘కరుణామయుడు’ చిత్రాన్ని ఊరూరా తెరకట్టి చూపిన సువార్త బృందాల్లో విగ్రహాలను ఖండించేవారూ ఉన్నారు. ఇవి చిన్న సంగతులు. జ్వరం వచ్చిన పిల్లవాడి తలగడ కింద బైబిలు పెట్టడం, ప్రార్థించిన నూనెను రోగి నొసటికి రాసి మాత్రలు మానిపించడం అసలైన విగ్రహారాధన. ఇత్తడి సర్పం నుంచి ఆశించిందే ఇక్కడ సీసాలోని నూనె నుంచి ఆశిస్తున్నారు.

విగ్రహమనే నింద మాత్రం పొరుగువాడికే తగులుతుంది. గంగమ్మ జాతర నాడు తల్లి పెట్టిన పొంగలి తినడానికి బాప్తిస్మం పొందిన కొడుకు నిరాకరిస్తాడు. తోబుట్టువుల మధ్య పంక్తి చీలుతుంది. విగ్రహం వట్టిదనీ, తిండి ఎవరినీ దేవునికి దగ్గర చేయదనీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో పౌలే ఒప్పుకుని, 10వ అధ్యాయంలో ఆ నైవేద్యం దయ్యాలకు చెందుతుందని మాట మార్చాడు. ఆ తడబాటుకు మూల్యం పందొమ్మిది శతాబ్దాల తర్వాత చిత్తూరు పల్లెలోని ఒక తల్లి చెల్లించవలసి రావడం అన్యాయం.

ఇదే సీమలో క్రైస్తవులే నడిపిన మరో సంస్థ వేరే పద్ధతి చూపింది. మదనపల్లె ఆరోగ్యవరంలో వివిధ మిషన్లు కలిసి నెలకొల్పిన క్షయ శానిటోరియం వైద్యులు, 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా వేయించుకున్నవారినీ వేయించుకోనివారినీ ఏళ్ల తరబడి పోల్చి చూసి, తాము కనుగొన్నదాన్ని 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. ప్రార్థన నూనెకు గాని, గుణదల మొక్కుకు గాని, గంగమ్మ కుంకుమకు గాని ఇలాంటి పరీక్ష పెట్టడానికి ఏ పూజారీ, ఏ పాస్టరూ ముందుకు రాలేదు. తాయెత్తులు, మంత్రాలు, కవచాల వంటివాటితో రోగాలు నయమవుతాయని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నేరంగా పరిగణిస్తుంది. ఆ చట్టం పేర్కొన్న రోగాల జాబితాలో క్షయ కూడా ఉంది. పల్లెలోని తాయెత్తుల మంత్రగాడిపై దాన్ని ప్రయోగించే అధికారులు, స్వస్థత సభల గోడ ప్రకటనలపైనా, టీవీలో నూనె సీసా ఎత్తి చూపే బోధకులపైనా అంతే గట్టిగా ప్రయోగించాలి.