ఈ మాయపొర కళ్ళు తెరిపిస్తుంది

ఎదురుగా ఉన్నది కనిపించకపోతే 'కళ్ళకు మాయపొర కమ్మింది' అంటాం కదా. ఈ వారం నేను చెప్పబోయే మాయపొర దానికి పూర్తిగా రివర్స్. పోయిన చూపును తిరిగి తెస్తుంది. కవిత్వం అనుకునేరు, కాదు. పక్కా సర్జరీ.

ముందు ఒక ప్యాకెట్ గురించి చెప్పాలి. పాన్‌షాపులో ఖైనీతో పాటు అమ్మే సున్నం ప్యాకెట్ చూసే ఉంటారు. మా వీధిలో ఏడేళ్ళ పిల్లాడు ఆడుకుంటూ దాన్ని గట్టిగా నొక్కాడు. అది టప్పున పగిలి, సున్నమంతా కుడికంట్లో పడింది. వాళ్ళమ్మ నీళ్ళు పోయబోతే, "సున్నం మీద నీళ్ళు పడితే ఉడుకుతుందమ్మా, వద్దు" అని ఎవరో ఆపారట. ఉడికేది కాల్చిన రాయి సున్నం. ప్యాకెట్లో ఉన్నది అప్పటికే తడిపిన సున్నం! గుడ్డ అడ్డం పెట్టుకుని ఆస్పత్రికి చేరేసరికి గంట దాటిపోయింది.

సున్నంలాంటి క్షారాలు కంటికి యాసిడ్ కంటే ప్రమాదం. యాసిడ్ చాలావరకు పైపొరను గడ్డకట్టించి అక్కడే ఆగుతుంది. క్షారం కణాల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. ఆ దారిలో నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచును కూడా కాల్చేస్తుంది. అసలు నష్టం అక్కడే. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పైపొర రోజూ అరుగుతుంటుంది. కొత్త కణాలను పంపించే మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఉండేది ఆ అంచులోనే. అవి పోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదకు పాకేస్తుంది. ఇక కన్ను ఎర్రగా, మసగ్గా ఉండిపోతుంది.

"ఎవరైనా దానం చేసిన కార్నియా పెట్టేయొచ్చుగా?" అని నాకూ డౌటొచ్చింది. పెట్టొచ్చు. కానీ దాని పైపొర కూడా అరుగుతుంది కదా. మళ్ళీ నింపాల్సింది మన అంచులోని మూలకణాలే. అవే లేకపోతే కొత్త కార్నియా కూడా కొన్నాళ్ళకు మసకబారుతుంది.

మరి దారేంటి? ఆ దారుల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే దొరికింది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో 'స్లెట్' అనే పద్ధతిని ప్రకటించింది. అంతకుముందు మూలకణాలను ల్యాబ్‌లో రోజుల తరబడి పెంచి, తర్వాత కంటికి అతికించేవాళ్ళు. ఖర్చెక్కువ, అలాంటి ల్యాబ్ అన్నిచోట్లా ఉండదు. స్లెట్‌లో ఆ ల్యాబే అక్కర్లేదు.

పొలం తెలిసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. బాగున్న కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. అది నారు. దాన్ని ఎనిమిది పది చిన్న ముక్కలు చేస్తారు. దెబ్బతిన్న కంటి మీద పాకిన పొరను తీసేసి, ఒక పలుచని పొర పరుస్తారు. అది మడి. ఆ పొర మీద ముక్కలను ఎడంఎడంగా నాటి, ఫైబ్రిన్ జిగురుతో అంటించి, పైన కాంటాక్ట్ లెన్స్ పెడతారు. అన్నీ ఒకే ఆపరేషన్‌లో. కొద్ది వారాల్లో నారు నాలుగువైపులా పాకి కార్నియాను కప్పేస్తుంది.

ఆ మడి ఎక్కడిదో తెలుసా? అదే మన మాయపొర. కడుపులో బిడ్డ చుట్టూ ఉమ్మనీటిని పట్టి ఉంచే పొర. కాన్పయ్యాక మాయతో పాటు బయటికి వచ్చేస్తుంది. మన ఊళ్ళల్లో గొయ్యి తీసి పాతిపెడతారు. ఆస్పత్రుల్లో పారేస్తారు. అందులో రక్తనాళాలు ఉండవు. వాపును, మచ్చను తగ్గించే గుణం ఉంది. కణాలు పట్టుకుని పాకడానికి ఒప్పుగా ఉంటుంది. అందుకే సిజేరియన్ అయిన తల్లి ఒప్పుకుంటే దాన్ని తీసుకుని, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి పరీక్షలు చేసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి దాస్తారు. తల్లికి గానీ బిడ్డకు గానీ పోయేదేమీ లేదు.

అలాగని స్లెట్ మంత్రం కాదు. 2016లో అదే ఆస్పత్రి 125 మంది ఫలితాలు ప్రకటించింది. 95 కళ్ళల్లో, అంటే 76 శాతం, పని చేసింది. మిగతావాళ్ళకు చేయలేదు. రెండు కళ్ళూ కాలితే సొంత నారు దొరకదు. వేరేవాళ్ళది తెచ్చుకోవాలి, శరీరం దాన్ని తోసేయకుండా మందులు వాడాలి. మా వీధి పిల్లాడికి ఒక కన్ను బాగుంది కాబట్టి ఆపరేషన్ కుదిరింది. ఇప్పుడు ఆ కంటితో క్లాసు బోర్డు మీది పెద్ద అక్షరాలు చదువుతున్నాడు. చిన్నవి ఇంకా కనిపించట్లేదు.

కాబట్టి మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. తాతయ్య సున్నం ప్యాకెట్, బాత్‌రూమ్ క్లీనర్ పిల్లలకు అందనిచోట పెట్టండి. కంట్లో ఏ కెమికల్ పడినా రెప్పలు తెరిచి, ధారగా మంచినీళ్ళు కనీసం ఇరవై నిమిషాలు పోయండి, ఆ తర్వాతే ఆటో పిలవండి. మూడోది, మీ అక్కకో వదినకో కాన్పు టైమ్‌లో "మాయపొర ఇస్తారా?" అని డాక్టరమ్మ అడిగితే, ఇంట్లోవాళ్ళకు ఇదంతా విడమరచి చెప్పండి. పాతిపెట్టే పొరతో ఒకరికి చూపొస్తుందంటే కాదనేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి?