జ్వరం రాకముందే కనిపెట్టండి

పక్షవాతంతో మంచం పట్టిన భర్తకు ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న ఇల్లాళ్ళు ఆస్పత్రికి వచ్చి చెప్పే మొదటి మాట తరచుగా ఒకటే: "జ్వరం లేదండీ, అందుకే ఊరుకున్నాం." పరీక్షించి చూస్తే నెమ్ము ముదిరి ఉంటుంది, లేదా మూత్రం దారిలో పుట్టిన చీము మూత్రపిండాలదాకా పాకి ఉంటుంది. తప్పు వారిది కాదు. సూక్ష్మజీవులు చేరితే ఒళ్ళు కాలాలన్నది మనందరం చిన్నప్పటినుంచీ విన్న మాట.

వయసు మళ్ళినవారిలో, మధుమేహం ఉన్నవారిలో, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారిలో జ్వరం ఆలస్యంగా రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. ఒక్కొక్కప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది కూడా. మరి ముందుగా కనిపించేదేమిటి? మనిషి తీరు మారుతుంది. నిన్నటిదాకా పేపరు చదివించుకుని విన్నాయన ఇవాళ వినరు. కాఫీ సగం వదిలేస్తారు. పగలంతా మగతగా పడి ఉండి, రాత్రివేళ ఎప్పుడో పోయిన తల్లిని పిలుస్తారు. దిండు ఆసరాతో కూర్చోగలిగే మనిషి పక్కకు వాలిపోతారు. చూడవచ్చిన చుట్టాలు "వయసు కదమ్మా" అని సర్దిచెబుతారు. వారి మాట పట్టించుకోకండి. ఒకటి రెండు రోజుల్లో వచ్చిన మార్పు వయసువల్ల వచ్చింది కాదు. "ఈయన ఇవాళ ఎప్పటిలా లేరు" అని భార్య అంటే, నేను థర్మామీటరుకంటే ఆ మాటకే ఎక్కువ విలువ ఇస్తాను. భార్యకు సేవ చేసే భర్తలకూ ఇదే వర్తిస్తుంది.

థర్మామీటరు వద్దని కాదు సుమా! ఆయన కులాసాగా ఉన్నప్పుడే నాలుగైదు రోజులు చూసి, మామూలు వేడి ఎంతో ఒక నోటుపుస్తకంలో వ్రాసి పెట్టుకోండి. ఎప్పుడూ 97 డిగ్రీలుండే మనిషికి 99 వచ్చిందంటే అది జ్వరం కిందే లెక్క. పారసిటమాల్ వేశాక కాదు, వేయకముందు చూడాలి. ఆయన నిద్రలో ఉండగా ఛాతీ నిమిషానికి ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. 12 నుంచి 20 మామూలు. 25 దాటితే నెమ్మును అనుమానించాలి. 2020లో కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు బీరువాలో ఉంటే బయటికి తీయండి. ఎప్పుడూ 97 చూపించేది 94కంటే తగ్గితే వెంటనే డాక్టరుకు చూపించాలి. తినేటప్పుడు పొలమారడం, తిన్నాక గొంతు తడితడిగా గరగరమనడం కూడా తేలిగ్గా తీసుకోకండి. ఆహారం ఊపిరితిత్తుల దారి పడుతోందన్నమాట.

మూత్రానికి గొట్టం వేసినవారి విషయంలో తికమక ఎక్కువ. సంచిలో మూత్రం కాస్త మసకగా కనిపించినా, వాసన వేసినా యాంటీబయాటిక్ కోసం పరుగెత్తేవారున్నారు. గొట్టం నెల రోజులుంటే దాదాపు అందరి మూత్రంలోనూ సూక్ష్మజీవులుంటాయి. అదొక్కటే జబ్బు కాదు. దానికి తోడు చలీ వణుకూ, మగత, పొత్తికడుపులోగాని నడుము పక్కనగాని నొప్పి ఉంటేనే అనుమానించాలి. మునుపు వాడగా మిగిలిన మాత్రలు మాత్రం వేయకండి. తర్వాత మూత్రం పరీక్ష చేయించినా అసలు సంగతి బయటపడదు.

మధుమేహం ఉన్నవారికి తిండీ మందూ మారకుండానే రక్తంలో చక్కెర పెరుగుతోందంటే, ఒంట్లో ఎక్కడో చీము పడుతోందేమో వెతకాలి. ఒళ్ళు తుడిచేటప్పుడు నడుము కింద, తుంటి దగ్గర, మడమల వద్ద చూడండి. మన చామనచాయ చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు. వేళ్ళతో తాకి చూస్తే చుట్టుపక్కలకంటే వేడిగా, గట్టిగా తగిలేచోట పుండు పుట్టబోతోందని గ్రహించండి. ఉన్న పుండు వాసన మారినా, చుట్టూ వాపు పాకినా ఆ రోజే చూపించాలి.

పిలిస్తే సరిగా పలకకపోయినా, ఆయాసపడుతున్నా, కాళ్ళూ చేతులూ చల్లబడి చెమట పట్టినా, గొట్టం మెలిక పడకుండానే పూటంతా మూత్రం రాకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. మందుల చీటీలు, ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్ళండి. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఆయన రోజూ ఎలా ఉంటారో తెలియదు. మాట్లాడకపోవడం పాత పక్షవాతం వల్లనే అనుకోవచ్చు. "మొన్నటిదాకా మాట్లాడారు, నిన్న సాయంత్రం నుంచే మాట లేదు" అని అడగకముందే మీరు చెప్పండి.